డిగ్రీ కాలేజీకి ఏ ఎల్‌ఎంఎస్ సరిపోతుంది: క్లాస్‌రూమా, మూడులా, మరొకటా?

న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గుర్తింపు గడువు దగ్గరపడుతోందంటే చాలా కాలేజీల్లో ఎల్‌ఎంఎస్ (పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేరు) మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొస్తుంది. నాలుగు కంపెనీల వాళ్లు వచ్చి డెమో ఇస్తారు. ప్రతి డెమోలోనూ వైఫై బ్రహ్మాండంగా ఉంటుంది, ల్యాప్‌టాప్ కొత్తది, లాగిన్ అయ్యేది ఒక్కరే. కొన్నాక వాడాల్సిన వాళ్లు మాత్రం పన్నెండు వందల మంది. వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోను, రోజుకు 1.5 జీబీ రీచార్జి. సాయంత్రమయ్యేసరికి ఆ డేటా ఇంట్లో ఇంకెవరో వాడేసి ఉంటారు.

ఈ పోలిక అలాంటి కాలేజీ కోసమే. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక చిన్న పట్టణం, 1,200 మంది విద్యార్థులు, 45 మంది అధ్యాపకులు, ఒక కంప్యూటర్ ల్యాబు, సిస్టమ్ అడ్మిన్ అనే పోస్టు లేదు అనుకుందాం. మీ సంఖ్యలు వేరైతే లెక్కలు ఆ దామాషాలో మార్చుకోండి.

ఫీచర్ల పట్టిక ముందేసుకుని టిక్కులు పెడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అసైన్‌మెంటు, క్విజ్, మార్కుల పట్టిక లేని ఎల్‌ఎంఎస్ ఇప్పుడు ఎక్కడా లేదు. తేడా తేలేది రెండు ప్రశ్నల దగ్గర. ఒక పాఠం చూస్తే విద్యార్థి ఫోనులోంచి ఎన్ని ఎంబీ పోతాయి? రాత్రి పదింటికి సిస్టమ్ పడిపోతే లేపేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాశాకే మిగతాది చదవండి.

ముందు డేటా లెక్క

వీడియో సైజును నిర్ణయించేది బిట్‌రేటు. సెకనుకు 500 కిలోబిట్లు అంటే నిమిషానికి దాదాపు 3.75 ఎంబీ. 45 నిమిషాల క్లాసు మొత్తం రికార్డు చేసి పెడితే 169 ఎంబీ. రోజుకు నాలుగు సబ్జెక్టులైతే 675 ఎంబీ, అంటే రీచార్జిలో దాదాపు సగం. లైవ్ క్లాసు ఇంకా ఖరీదు: సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటకు 450 ఎంబీ, మధ్యలో సిగ్నల్ పోతే ఆ ముక్క మళ్లీ రాదు.

అదే పాఠాన్ని 10, 12 నిమిషాల ముక్కలుగా, స్లైడ్ల మీద గొంతు మాత్రమే వినిపించేలా చేస్తే కథ మారిపోతుంది. స్లైడు పెద్దగా కదలదు కాబట్టి సెకనుకు ఐదు ఫ్రేములు చాలు, వీడియోకు 200 కిలోబిట్లు, గొంతుకు మోనోలో 32 కిలోబిట్లు సరిపోతాయి. నిమిషానికి 1.75 ఎంబీ లోపే వస్తుంది, 12 నిమిషాలు 21 ఎంబీ. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ అంకెలు ఒకసారి ప్రీసెట్‌గా దాచుకుంటే తర్వాత అధ్యాపకులు ఫైలు లాగి వదిలితే చాలు. ఆడియో ఒక్కటే చాలనుకునే పాఠాలకు, అంటే తెలుగు, చరిత్ర, పొలిటికల్ సైన్సులో చాలావాటికి, ఓపస్ ఫార్మాటులో 24 కిలోబిట్లు పెట్టండి. పది నిమిషాలకు రెండు ఎంబీ కూడా కాదు. డేటా తక్కువున్న పిల్లలకు ఇంతకు మించిన మేలు ఏ ఎల్‌ఎంఎస్ ఫీచరూ చేయదు.

ఒక సందర్భంలో మాత్రం ఈ పొదుపు పనికిరాదు. బోర్డు మీద డెరివేషన్ రాస్తుంటే తీసిన వీడియోను ఇంతగా కుదిస్తే సుద్దగీతలు అలికినట్టు అయిపోతాయి. గణితం, ఫిజిక్స్ వాళ్లు కాగితం మీద రాస్తూ పైనుంచి ఫోనుతో తీయడం మేలు: తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్ను, 480పీ.

ఏ ఎల్‌ఎంఎస్ తీసుకున్నా వీడియోలను దాని సర్వరులో పెట్టకండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వండి. సిగ్నల్ బట్టి అదే 144పీ దాకా దిగుతుంది, ఆ తెలివి మీ సర్వరుకు ఉండదు. ప్రైవేట్ అని పెడితే మాత్రం ఒక్కొక్కరి మెయిల్ ఐడీ చేరిస్తే తప్ప విద్యార్థికి తెరుచుకోదు. ఈ పొరపాటు ప్రతి సెమిస్టరూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

గూగుల్ క్లాస్‌రూమ్

క్లాస్‌రూమ్ కలిసి వచ్చే గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఫండమెంటల్స్ ప్యాకేజీ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకు ఉచితం. సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ స్టోరేజీ, మీట్‌లో 100 మంది దాకా పాల్గొనే వీలు వస్తాయి. మీట్ రికార్డింగు మాత్రం ఈ ఉచిత స్థాయిలో ఉండదు. ఒక్కో క్లాసులో అధ్యాపకులు 20 మంది, అందరూ కలిపి వెయ్యి మంది దాకా ఉండొచ్చు. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలతో నడిపితే ఆ పరిమితి 250కి పడిపోతుంది. పైగా విద్యార్థి పాస్‌వర్డు మరిచిపోతే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ముందు కాలేజీ పేరున డొమైను ఉండాలి. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ పేర్లు ఎర్నెట్ ఇండియా దగ్గర తీసుకోవాలి. డొమైను కాలేజీ పేరున, కాలేజీ ఖాతా నుంచి డబ్బు కట్టి తీసుకోండి. ఎవరో లెక్చరర్ సొంత కార్డుతో కట్టిన డొమైను, ఆయన బదిలీ అయిన ఏడాదే రెన్యువల్ లేక ఆగిపోతుంది. దాంతోపాటు 1,200 మెయిళ్లూ ఆగిపోతాయి.

దీని బలం ఒక్కమాటలో చెప్పాలంటే, పడిపోదు. పడిపోయినా లేపడం మీ పని కాదు. అధ్యాపకులకు నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఆండ్రాయిడ్ యాప్ తేలిక, డ్రైవ్‌లోని ఫైళ్లను ముందే ఫోనులోకి దించుకుని డేటా లేనప్పుడు చదువుకోవచ్చు.

బలహీనత పరీక్షల దగ్గర బయటపడుతుంది. క్విజ్ అంటే గూగుల్ ఫారమే. అందులో సమయ పరిమితి పెట్టాలంటే బయటి యాడ్-ఆన్ కావాలి. ఫారంలో బయటి ట్యాబు తెరవకుండా ఆపే లాక్ మోడు ఉంది కానీ అది సంస్థ నిర్వహించే క్రోమ్‌బుక్‌లలో మాత్రమే పనిచేస్తుంది, ఫోన్లలో కాదు. ఐదు వందల ప్రశ్నల బ్యాంకు తయారుచేసి, యూనిట్‌కు నాలుగు చొప్పున ప్రతి విద్యార్థికీ వేరే ప్రశ్నలు వెళ్లేలా చేయడం ఇందులో కుదరదు. వారం వారం ఇచ్చే చిన్న పరీక్షకు ఇది చాలు. ఇంటర్నల్ మార్కులు దీని మీదే వేయాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంకొక చిక్కు ఉంది, మొదటి ఏడాది కనిపించదు. క్లాసుకు ఓనరు దాన్ని సృష్టించిన అధ్యాపకుడే, అందులోని ఫైళ్లు ఆయన డ్రైవ్‌లోనే ఉంటాయి. గెస్ట్ ఫ్యాకల్టీ ఏప్రిల్‌లో వెళ్లిపోయారని ఖాతా తీసేస్తే ఏడాది మొత్తం నోట్సు ఆ ఖాతాతోనే పోతుంది. కాబట్టి క్లాసులన్నీ శాఖ పేరున ఉన్న ఒక ఖాతాతో సృష్టించి, అధ్యాపకులను సహ అధ్యాపకులుగా చేర్చండి. ఫైళ్లు షేర్డ్ డ్రైవ్‌లో పెట్టించండి. ఇప్పటికే వేరేలా చేసేశారా? ఖాతా తీసేముందు క్లాసు యాజమాన్యమూ, డ్రైవ్ ఫైళ్ల యాజమాన్యమూ రెండూ బదిలీ చేయండి.

సొంత మూడుల్

మూడుల్ 2002లో మార్టిన్ డుగియామస్ విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. లైసెన్సుకు రూపాయి కట్టనక్కర్లేదు. ఉచితం అంటే ఇంటికి తెచ్చుకున్న ఆవు ఉచితమైనంత ఉచితం. మేత వేసేవాళ్లు ఉండాలి.

ప్రశ్నల బ్యాంకు, విద్యార్థికొక పేపరు, అసైన్‌మెంటుకు రూబ్రిక్కు (మార్కులు వేసే కొలమానం), ఎవరు ఏ పాఠం ఎంతవరకు పూర్తిచేశారన్న లెక్క, ఇవన్నీ కావాలంటే దీనికి సాటి లేదు. ఫోను యాప్‌లో పాఠాలు దించుకుని డేటా ఆపేసి చదవొచ్చు, క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాసి, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. కానీ ఆ క్విజ్‌కు షరతులున్నాయి: సమయ పరిమితి ఉండకూడదు, ఫీడ్‌బ్యాక్ చివర్లో ఇచ్చే పద్ధతిలోనే ఉండాలి, ఫలానా నెట్‌వర్కు నుంచే రాయాలన్న నిబంధన పెట్టకూడదు. అంటే అభ్యాసానికి పనికొస్తుంది, నిఘా పరీక్షకు కాదు. యాప్ ఉచిత స్థాయిలో నోటిఫికేషన్లు అందుకునే ఫోన్ల సంఖ్య మీద పరిమితి ఉంటుంది. అది మీకు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

సర్వరు విషయానికొద్దాం. మన 1,200 మంది కాలేజీకి 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, 160 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న క్లౌడ్ సర్వరు సరిపోతుంది. ముంబయిలోనో బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న డేటా సెంటరు తీసుకోండి. నెలకు సుమారు 4 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. ఏడాదికి దాదాపు 57 వేలవుతుంది, బ్యాకప్ స్థలం, డొమైను కలిపితే 65 వేల దగ్గర తేలుతుంది. కాలేజీ గదిలోనే సర్వరు పెడితే ఈ ఖర్చు తప్పుతుంది కదా అనుకోకండి. యూపీఎస్ బ్యాటరీలు, స్టాటిక్ ఐపీ, ఏసీ, ఆదివారం కరెంటు పోయి సోమవారం ఉదయం దాకా ఎవరూ ఆన్ చేయకపోవడం, ఇవన్నీ కలిపితే అది చౌక కాదు.

ఇక ఎక్కడ విరుగుతుందో దగ్గరగా చూద్దాం. బీకాం రెండో ఏడాది, 300 మంది, ఉదయం 10 గంటలకు క్విజ్. అందరూ 10 గంటల 0 సెకన్లకే బటన్ నొక్కుతారు. ఉబుంటు లినక్స్‌లో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (మూడుల్ పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేరు) పెట్టుకోగానే అందులో గరిష్ఠ వర్కర్ల సంఖ్య 5 అని ఉంటుంది. అంటే ఒక్కసారికి ఐదుగురికే పేజీ తయారవుతుంది, మిగిలిన 295 మంది వరుసలో. ఒక్కో పేజీకి సెకను పడితే చివరివాడి వంతు 60 సెకన్లకు వస్తుంది, సరిగ్గా అప్పుడే ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు ఓపిక కూడా అయిపోయి 504 అనే ఎర్రరు చూపిస్తుంది. పిల్లలు ఊరుకుంటారా, రిఫ్రెష్ కొడతారు. వరుస రెట్టింపవుతుంది. బయటకు మాత్రం "సర్వరు చాలడం లేదు, పెద్దది కొనాలి" అన్న మాట వస్తుంది. ర్యామ్ సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది.

మందు కొనక్కర్లేదు. 8 జీబీలో డేటాబేసు బఫర్‌కు 2 జీబీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ రెడిస్‌కూ (డేటాను ర్యామ్‌లో ఉంచే సాఫ్ట్‌వేరు) కలిపి 1 జీబీ తీసేస్తే 5 జీబీ మిగులుతుంది. వర్కరుకు 100 ఎంబీ చొప్పున 50 మంది వర్కర్లు. సెషన్లను (ఎవరు లాగిన్ అయి ఉన్నారన్న వివరాలను) డిస్కు మీద కాకుండా రెడిస్‌లో పెట్టండి. క్విజ్ జవాబులను మూడుల్ ప్రతి నిమిషానికీ తనంతట తాను దాచుకుంటుంది. 300 మందికి అది సెకనుకు ఐదు అభ్యర్థనలు, దాన్ని రెండు మూడు నిమిషాలకు పెంచండి. పేజీకి ఒక ప్రశ్న కాకుండా ఐదు పెట్టండి, పేజీ లోడ్లు ఐదో వంతుకు తగ్గుతాయి. అన్నిటికన్నా చౌకైన మందు టైంటేబులే: మూడు సెక్షన్లకు పది నిమిషాల తేడాతో క్విజ్ తెరవండి.

రెండోసారి విరిగేది అసైన్‌మెంట్ల దగ్గర. పిల్లలు చేత్తో రాసిన కాగితాలు ఫొటో తీసి పెడతారు. ఫొటో 4 ఎంబీ, ఎనిమిది పేజీలు 32 ఎంబీ. పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మొదట్లో 2 ఎంబీ, ఎన్‌జిన్‌ఎక్స్‌లో 1 ఎంబీ మాత్రమే. రెండు చోట్లా 20 ఎంబీకి పెంచండి, మూడుల్ సైట్ సెట్టింగుల్లోనూ పెంచండి. మూడింటిలో ఏది మరిచినా ఫలితం ఒకటే. పిల్లలకు ఫోనులో స్కానర్ యాప్‌తో నలుపు తెలుపు పీడీఎఫ్ చేయడం చూపించండి, అదే ఎనిమిది పేజీలు 3 ఎంబీకి దిగుతాయి. అలా చేశాక కూడా 1,200 మంది, ఐదు సబ్జెక్టులు, రెండేసి అసైన్‌మెంట్లు అంటే సెమిస్టరుకు 36 జీబీ. 160 జీబీ డిస్కు రెండేళ్లలో నిండుతుంది. ఏ సెమిస్టరు ఫైళ్లు ఎప్పుడు తీసేస్తారో మొదటిరోజే నిర్ణయించుకోండి.

క్రాన్ అనే తెరవెనుక పనిని ప్రతి నిమిషానికీ నడిపించాలి. అది ఆగితే సైటు బాగానే తెరుచుకుంటుంది కానీ నోటీసులు పోవు, బ్యాకప్‌లు జరగవు. "అంతా బాగుంది కానీ ఏదీ జరగడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు క్రాన్ చూడండి. నోటీసులను వ్యక్తిగత జీమెయిల్ ద్వారా పంపించే ఏర్పాటు చేయకండి. దానికి రోజుకు 500 మెయిళ్ల పరిమితి. ప్రకటనల ఫోరంలో ఒక్క నోటీసు పెడితే కోర్సులో ఉన్న అందరికీ మెయిల్ పోతుంది, మధ్యాహ్నానికే కోటా అయిపోతుంది.

విద్యార్థుల పేర్లు చేర్చేటప్పుడు ఎక్సెల్ చేసే అల్లరి ప్రత్యేకం. యూజర్‌నేమ్‌గా హాల్‌టికెట్ నంబరు వాడటం మంచి పద్ధతే. కానీ 12 అంకెల నంబరును ఎక్సెల్ 1.2ఈ+11 లాగా కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా దాచితే కనిపించేదే దాచుకుంటుంది, అసలు అంకెలు పోతాయి. రెండు వందల మందికి ఒకే యూజర్‌నేమ్ వచ్చి, మొదటివాడు తప్ప అందరూ తిరస్కరణకు గురవుతారు. నంబర్లు అతికించకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చండి. పేర్లు తెలుగులో ఉంటే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకంలోనే దాచండి, లేకపోతే అన్నీ ప్రశ్నార్థకాలే.

తెలంగాణలో దోస్త్ ప్రవేశాలు విడతలవారీగా జరుగుతాయి, తర్వాత స్లైడింగులో పిల్లలు ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు మారతారు. ఒక్కొక్కరిని కోర్సుల్లో చేర్చుకుంటూ పోతే సెప్టెంబరు దాకా అదే పని. సెక్షన్‌కొక కోహోర్టు (విద్యార్థుల జాబితా) చేసి, దాన్నే కోర్సులకు కలపండి. పిల్లవాడు మారినప్పుడు కోహోర్టు మారిస్తే చాలు, ఆరు కోర్సులూ వాటంతట అవే మారతాయి.

బ్యాకప్‌లో రెండు భాగాలు: డేటాబేసు, మూడుల్‌డేటా ఫోల్డరు. మూడుల్ ఫైళ్లను అసలు పేర్లతో దాచదు, ఎస్‌హెచ్‌ఏ1 హ్యాష్ పేర్లతో దాచుతుంది. ఏ హ్యాష్ ఏ ఫైలో డేటాబేసుకే తెలుసు. ఒకటి ఉండి ఒకటి లేకపోతే రెండూ లేనట్టే. రెండింటినీ ఒకే రాత్రి, వేరే కంపెనీ స్టోరేజీలోకి పంపండి. వెర్షను విషయంలో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం ప్యాచ్‌లు అందే వెర్షను) తీసుకోండి: 2024 అక్టోబరులో వచ్చిన 4.5కు 2027 అక్టోబరు వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, ఏటా పెద్ద అప్‌గ్రేడు తలనొప్పి తప్పుతుంది.

ఇవన్నీ చూసుకోవడానికి వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆ గంటలు ఒక లెక్చరర్ వర్క్‌లోడులో రాతపూర్వకంగా తగ్గించకపోతే మూడుల్ పెట్టకండి. "మీకు కంప్యూటర్లు వచ్చుగా, కాస్త చూడండి" అన్న పద్ధతిలో పెట్టిన సర్వర్లు రెండో ఏడాది చూడవు.

తెలుగు పాఠాలతో వచ్చే చిక్కులు

చాలా శాఖల్లో పాత నోట్సు అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటుంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ ఇంగ్లీషు అక్షరం కోడు మీద కూర్చుని ఉంటుంది. పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే కనిపిస్తుంది కానీ వెతకలేరు, కాపీ చేసి క్విజ్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తడబడతాయి. ముప్పై పేజీల నోట్సు సరిచూడటానికి ఒక పూట పెట్టుకోండి. అన్నీ మార్చాలని కూర్చోకండి. ప్రశ్నలు ముందు, నోట్సు తర్వాత.

ఒక్క పదంలో జవాబు రాసే ప్రశ్నలు తెలుగులో ప్రమాదం. యంత్రం అక్షరానికి అక్షరం పోల్చుతుంది. ఒకరు "ఆక్సిజన్" అని, ఒకరు "ఆక్సిజెన్" అని రాస్తారు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి, అప్పుడు రెండు జవాబులూ కంటికి ఒకటే, యంత్రానికి వేరు. మూడుల్‌లో ఒకే ప్రశ్నకు నాలుగైదు రూపాలు సరైనవిగా చేర్చొచ్చు, చివర్లో నక్షత్రం గుర్తు పెట్టి "ఆక్సిజ*" అని వదిలేయొచ్చు. గూగుల్ ఫారంలోనూ ఒకటికి మించి సరైన జవాబులు చేర్చొచ్చు కానీ నక్షత్రం పనిచేయదు.

ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టించండి. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. గుణింతాలు, పొల్లులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఒక నిడుపాటి శీర్షికకే ఆ హద్దు దాటిపోతుంది, తెలుగు పేర్లతో కట్టిన జిప్ ఫైళ్లు తెరిచినప్పుడు తేడా చేస్తాయి. మూడుల్ నుంచి తెలుగు సర్టిఫికెట్లు ఇవ్వాలనుకుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. దాని పీడీఎఫ్ ఇంజను తెలుగు ఒత్తులను కూర్చలేదు, "విద్యార్థి"లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. తెలుగు వాక్యాలను బొమ్మగా వెనుక పెట్టి, పేరు మాత్రం ఇంగ్లీషులో అచ్చువేయండి.

అద్దెకు దొరికే ఎల్‌ఎంఎస్

స్థానిక కంపెనీలు అమ్మేవాటిలో కొన్ని రంగు మార్చిన మూడులే. అందులో తప్పేం లేదు, నిర్వహణకు డబ్బు కడుతున్నారంతే. అడగాల్సినవి అడిగి సంతకం పెట్టండి. పాసైపోయిన విద్యార్థులకు కూడా తల లెక్కన డబ్బు వేస్తారా? ఒప్పందం ముగిస్తే ప్రశ్నలు ఎక్స్‌ఎంఎల్‌లో, మార్కులు సీఎస్‌వీలో, కోర్సులు మూడుల్ బ్యాకప్ ఫైలుగా ఎన్ని రోజుల్లో ఇస్తారు? "పీడీఎఫ్ రిపోర్టు ఇస్తాం" అన్న జవాబు వస్తే లేచి వచ్చేయండి. ఓటీపీ లాగిన్ ఉంటే ఎస్‌ఎంఎస్ ఖర్చు ఎవరిది? బల్క్ ఎస్‌ఎంఎస్‌కు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వేదికలో) హెడరు, టెంప్లేటు నమోదు చేయించాలి, అది ఎవరి పేరున? విద్యార్థుల ఫోను నంబర్లు కంపెనీ ఇంకెక్కడైనా వాడుతుందా? 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో 17 ఏళ్లవాళ్లు ఉంటారు, ప్రవేశ ఫారంలోనే ఆ సంతకం తీసుకోండి.

వాట్సాప్

నవ్వకండి, చాలా కాలేజీల్లో నిజంగా నడుస్తున్న ఎల్‌ఎంఎస్ ఇదే. నేర్పక్కర్లేదు, సందేశం చేరుతుంది. గ్రూపులో 1,024 మంది పడతారు. కానీ ఎవరు చదివారో, ఎవరు రాశారో లెక్క ఉండదు. నెల తర్వాత చేరిన విద్యార్థికి పాత పాఠాలు లేవు. తీవ్రమైనది మరొకటి: గ్రూపులో అమ్మాయిల ఫోను నంబర్లు అందరికీ కనిపిస్తాయి. గ్రూపు బదులు కమ్యూనిటీ ప్రకటనల గ్రూపు పెడితే సభ్యుల నంబర్లు అడ్మిన్లకు తప్ప మిగతావాళ్లకు కనిపించవు. దీన్ని గంట మోగించడానికి వాడండి, పాఠం చెప్పడానికి కాదు: "యూనిట్ 3 పెట్టాం, ఇదిగో లింకు."

సిగ్నల్ అందని చోట

పాడేరు, ఉట్నూరు వైపు ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చే పిల్లలకు ఇంటి దగ్గర నెట్ అన్న ఊహ మీద ఏదీ కట్టకూడదు. కాలేజీలోనే ఒక చిన్న పెట్టె పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు మీద మూడుల్ నడిపే మూడుల్‌బాక్స్, లేదా లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ చేసిన కోలిబ్రి, రెండూ ఉచితం. కోలిబ్రిలో సిద్ధంగా ఉన్నది ఎక్కువగా పాఠశాల స్థాయి, డిగ్రీకి మీ పాఠాలు మీరే చేర్చుకోవాలి. సులువు మాత్రం అదే.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఉన్న వైఫై ఒక తరగతిని మోయలేదు. లాన్ వైరుతో విడిగా ఒక యాక్సెస్ పాయింటు పెట్టండి. మెమరీ కార్డు కరెంటు కోతలకు చచ్చిపోతుంది, ఎస్‌ఎస్‌డీ పెట్టండి, చిన్న యూపీఎస్ ఒకటి. అంతా కలిపి సుమారు 15 నుంచి 20 వేలు. మొదటిరోజే ఎదురయ్యే తమాషా ఏమిటంటే, ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఆండ్రాయిడ్ కనిపెట్టి చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది, పేజీ తెరుచుకోదు. మొబైల్ డేటా ఆపి, "అయినా కనెక్ట్ అయ్యుండు" నొక్కమని గోడ మీద బొమ్మలతో అంటించండి. పిల్లలు శుక్రవారం పాఠాలు దించుకుని సోమవారం జవాబులు తెస్తారు.

మిగిలినవి త్వరగా

ఓపెన్ ఈడీఎక్స్ అనే మరో ఉచిత ఎల్‌ఎంఎస్ మంచిదే, ఐఐటీ బొంబాయి వాడుతుంది. వేలాదిమందికి ఒకే కోర్సు నడిపేవాళ్ల కోసం కట్టినది. 45 మంది అధ్యాపకులు తలా ఐదు కోర్సులు నడిపే చోట బరువు. బిగ్‌బ్లూబటన్ లైవ్ క్లాసు మూడుల్‌లో కలిసే ఉంటుంది కానీ సొంతంగా నడపాలంటే 8 కోర్లు, 16 జీబీ ఉన్న వేరే సర్వరు అడుగుతుంది. ఉచిత స్థాయిలో ఒక్కో సెషనుకు 25 మంది, 60 నిమిషాలు, రికార్డింగు ఏడు రోజుల్లో మాయం. లైవ్ తప్పనిసరైతే మీట్ వాడండి, వారానికి ఒక్క సందేహాల గంటకు పరిమితం చేయండి.

స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) అన్నది ఎల్‌ఎంఎస్‌కు ప్రత్యామ్నాయం కాదు, లేని అధ్యాపకుడికి ప్రత్యామ్నాయం. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు అందులో చేయొచ్చు. క్రెడిట్లు కలవాలంటే సెమిస్టరు మొదలయ్యేముందే యూనివర్సిటీ ఆమోదం ఉండాలి. అందులో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో 75 శాతం మార్కులు పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకే.

మరి ఏది?

వారానికి ఎనిమిది గంటలు కేటాయించగల మనిషి లేకపోతే చర్చ అక్కడే ఆపండి: క్లాస్‌రూమ్, యూట్యూబ్, ప్రకటనలకు వాట్సాప్ కమ్యూనిటీ. నూటికి డెబ్బై ఎనభై కాలేజీలకు ఇదే సరైన జవాబని మా అభిప్రాయం, డెమోల్లో ఎవరూ ఈ మాట చెప్పరు. అటానమస్ కాలేజీ, ఇంటర్నల్ పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, మనిషి ఉన్నారు, ఆయన పాస్‌వర్డులు తెలిసిన రెండో మనిషీ ఉన్నారు, అప్పుడు మూడుల్. ఒకే యాజమాన్యం కింద నాలుగైదు కాలేజీలుంటే ఒకే మూడుల్‌లో కాలేజీకొక కేటగిరీ చేసి ఖర్చు, మనిషి రెండూ పంచుకోవచ్చు. డబ్బుంది, మనిషి లేరంటే అద్దె ఎల్‌ఎంఎస్, పై ప్రశ్నలకు రాతపూర్వక జవాబులతో.

ఎటు వెళ్లినా గూగుల్ ఖాతాలు ముందు తీసుకోండి. రేపు మూడుల్‌కు మారినా ఆ ఖాతాతోనే లాగిన్ అయ్యేలా కలపొచ్చు, పిల్లలు ఇంకో పాస్‌వర్డు మరిచిపోయే పని ఉండదు.

సంతకం పెట్టేముందు ఒక శాఖతో మూడు వారాలు నడిపి చూడండి. మొదటి వారం, ఊళ్లో సిగ్నల్ బలహీనంగా ఉన్న చోటు నుంచి తక్కువ ధర ఫోనులో ఒక పాఠం దించి ఎన్ని ఎంబీ పోయాయో ఫోను సెట్టింగుల్లో చూడండి. రెండో వారం, అరవై మందితో ఒకే నిమిషంలో క్విజ్ తెరిపించండి. మూడో వారం, మూడుల్ అయినా అద్దెదైనా, నిన్నటి బ్యాకప్‌ను వేరే యంత్రం మీద పునరుద్ధరించమని అడగండి. ఆ యంత్రం మీద కామర్స్ మేడమ్ తన కోర్సు తెరిచి, మూడో యూనిట్ పీడీఎఫ్ నొక్కాలి. అది తెరుచుకుంటే సంతకం పెట్టొచ్చు.